తొలి నవల అచ్చు వేయించుకునేవారికి ఒక గుమాస్తా మనవి

(మన సంఘం వార్షికోత్సవం సందర్భంగా సోమాజిగూడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, "డి.ఆర్. బకాయిల గురించా, వైద్య బిల్లుల గురించా?" అని అడిగాను. "అవి ప్రతి సభలోనూ ఉన్నవేనండీ. మీరు నవల అచ్చు వేయించారు కదా, దాని సంగతి చెప్పండి. మనవాళ్లలో ఆరేడుగురు రాసిన కాగితాలు బీరువాలో పెట్టుకుని, ఏం చేయాలో తెలియక కూర్చున్నారు" అన్నారు. ఆ ఆరేడుగురి కోసమే ఈ నాలుగు మాటలు. మిగతావారు వారి ఇంట్లోవారిని కాపాడుకోవడానికి వినవచ్చు.

నేను పెద్ద రచయితను కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం ఇక్కడికి దగ్గరలోనే, ఎర్రమంజిల్‌లోని ఒక కార్యాలయంలో గడిచింది. రాసింది ఒకే ఒక్క నవల. దాని పేరు ఈ వేదిక మీద చెప్పను. చెబితే ఉపన్యాసం కాస్తా ప్రకటన అయిపోతుంది.

చెప్పదలచిన అసలు విషయం ముందే చెప్పేస్తాను. ముప్ఫై అయిదేళ్లు, చదవని కాగితం మీద పొట్టి సంతకం కూడా వేయనివాణ్ణి నేను. అటువంటివాణ్ణి నా సొంత నవల విషయంలో నాలుగు పేజీల ఒప్పందాన్ని చదవకుండా, చివరి పేజీ తిరగేసి సంతకం పెట్టాను. ఆఫీసులో అంత జాగ్రత్తగా ఉన్న మనిషి ఇంటికి వచ్చాక ఇలా ఎందుకు చేశాడు? ఆత్రం. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇంకెప్పుడు అనే ఆత్రం. నేను చేసిన తప్పులన్నీ ఆ ఒక్క తప్పుకు పిల్లలే.

ఇంట గెలిచి రచ్చ గెలవాలి

నవల 2015లో మొదలుపెట్టి 2017లో పూర్తి చేశాను. ఒక చిన్న గుమాస్తా, అతని భార్య, ఇద్దరు పిల్లలు, బాకీలు, బదిలీలు. మనందరి కథే. పూర్తయిన రోజున నాకు నేనే పెద్దవాడిలా కనిపించాను. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నారు పెద్దలు. ఆ ముద్దులో ఉన్నప్పుడు కాగితాలు ఎవరికీ పంపకూడదని నాకు తెలియదు.

ఆఫీసులో మనం ఏం చేసేవాళ్లం? డ్రాఫ్టు పెట్టేవాళ్లం. సూపరింటెండెంటు చూసి ఎర్ర ఇంకుతో కొట్టేసేవాడు. మళ్లీ రాసేవాళ్లం. ఆ తర్వాతే ఫెయిర్ కాపీ, ఆ తర్వాతే డిస్పాచ్. రెండు పేరాల ఉత్తరానికి ఇంత తతంగం ఉంటే, రెండు వందల పేజీల నవలకు ఎంత ఉండాలి? నేను డ్రాఫ్టునే డిస్పాచ్ చేశాను.

అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. మా ఆవిడ చిన్నప్పటి నుంచి వారపత్రికల సీరియళ్లు చదివిన మనిషి. ఏ సీరియల్ ఏ వారం ఎక్కడ ఆగిందో ఈనాటికీ చెబుతుంది. నవల పూర్తయ్యాక ఆవిడకు ఇవ్వలేదు. అచ్చయ్యాక చూపించి ఆశ్చర్యపరుద్దాం అనుకున్నాను. అచ్చయిన పుస్తకం చేతికిచ్చిన మూడో రోజున, వంటింట్లోంచే అడిగింది: "ఏమండీ, నలభయ్యో పేజీలో ఈవిడ పేరు సీతమ్మ కదా. నూట పన్నెండో పేజీకి మాణిక్యమ్మ ఎట్లా అయింది?"

నాకు నోట మాట రాలేదు. మధ్యలో పేరు మార్చుకున్నాను, వెనక్కి వెళ్లి దిద్దడం మరచాను. అయిదు వందల ప్రతుల్లో ఆవిడ సగం వరకు సీతమ్మ, ఆ తర్వాత మాణిక్యమ్మ. పాత్ర చనిపోయిన మామగారు మళ్లీ పండక్కి రావడం కూడా ఆవిడే పట్టుకుంది.

అందుచేత మొదటి మనవి ఇది. నవల పూర్తయ్యాక రెండు మూడు నెలలు దాని మొహం చూడకండి. తర్వాత ఒకసారి పైకి చదవండి. కంటికి కనపడని తప్పు చెవికి వినపడుతుంది. ఆ తర్వాత ఇంట్లో చదివే అలవాటున్నవారికి ఒకరికి, మీ మొహమాటం లేని బయటివారికి ఒకరికి ఇవ్వండి. "బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. "ఎక్కడ ఆపి పక్కన పెట్టారు?" అని అడగండి. ఆ పేజీలో మీకు పని ఉంది. పాత్రల పేర్లు, వయసులు, ఊళ్లు, సంవత్సరాలు ఒక రిజిస్టరులో రాసి పెట్టుకోండి. రిజిస్టర్లు రాయడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ముందు పాఠకులు, తర్వాత పుస్తకం

తెలుగు నవల చరిత్ర చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. కందుకూరి వీరేశలింగంగారి "రాజశేఖర చరిత్రము" 1880లో పుస్తకంగా వచ్చింది. కాని అంతకు ముందే, 1878 నుంచి, ఆయన "వివేకవర్ధని" పత్రికలో భాగాలుగా వచ్చింది. అంటే పుస్తకం కంటే ముందు పాఠకులు తయారయ్యారు.

మన హైదరాబాదు ఉదాహరణే తీసుకుందాం. వట్టికోట ఆళ్వారుస్వామిగారి మొదటి నవల "ప్రజల మనిషి" 1955లో వచ్చింది. ఆయన సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించింది 1938లో. అంటే తన నవల రావడానికి పదిహేడేళ్ల ముందు నుంచే ఇతరుల పుస్తకాలు అచ్చు వేసి, ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు, కొన్నది చదువుతారా లేదా అనేది ఆయనకు చేతుల మీదుగా తెలుసు. ఆయన 1961లో పోయారు. రెండో నవల "గంగు" పూర్తి కాకుండానే మిగిలిపోయింది. మనకు ఇందులో రెండు పాఠాలు. పాఠకుణ్ణి తెలుసుకున్నాకే అచ్చుకు వెళ్లాలి. అలాగని మరీ ఆలస్యమూ చేయకూడదు.

ఇక మన సోమాజిగూడ సంగతి. 1978లో మొదలైన "చతుర" మాసపత్రిక నెలకొక పూర్తి నవల వేసేది. దాని చిరునామా ఈ సోమాజిగూడే. నేను ఏళ్ల తరబడి ఆఫీసు అయ్యాక ఆ గేటు ముందు నుంచి నడిచి ఇంటికి వెళ్లాను. బస్టాపులో ఎంతమంది చేతుల్లో ఆ పుస్తకం చూశానో! 2017లో నా నవల పూర్తయినప్పుడు కూడా ఆ పత్రిక ఉంది. పంపలేదు. "పత్రికలో వస్తే నెలకే పాతబడుతుంది, నాకు పుస్తకమే కావాలి" అని భీష్మించుకున్నాను. పంపితే తీసుకునేవారో లేదో వేరే మాట. అడగకుండానే నేను తలుపు మూసుకున్నాను. ఇప్పుడు ఆ పత్రిక లేదు. నవలలు వేసే వారపత్రికలూ చాలా తగ్గిపోయాయి.

కాని ఇంకో దారి ఎప్పటి నుంచో ఉంది, పోటీలు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని విశ్వనాథ సత్యనారాయణగారి "వేయిపడగలు", అడివి బాపిరాజుగారి "నారాయణరావు" పంచుకున్నాయి. మన కాలంలో అమెరికాలోని తెలుగువారి సంఘం తానా నవలల పోటీలు పెట్టింది. చంద్రలతగారి "రేగడి విత్తులు"కు 1997లో ఆ బహుమతి వచ్చింది. బండి నారాయణస్వామిగారి "శప్తభూమి"కి 2017లో తానా బహుమతి, ఆ నవలకే 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చాయి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి "కొండపొలం" 2019లో తానా బహుమతి పొంది, 2021లో సినిమాగా కూడా వచ్చింది.

పోటీ అంటే బహుమతి కోసం మాత్రమే కాదండీ. గడువు తేదీ ఉంటుంది కాబట్టి పని పూర్తవుతుంది. మన పేరు తెలియని మనిషి మన రాత చదువుతాడు. రాకపోతే పోయింది పోస్టు ఖర్చే. అయితే పోటీకి పంపేముందు నిబంధనలు చదవండి. ఇదివరకు ఎక్కడా అచ్చు కాని నవలే కావాలని చాలా పోటీల్లో షరతు ఉంటుంది. సొంతంగా అచ్చు వేసేశాక ఆ దారి మూసుకుపోయినట్టే. నా విషయంలో అదే జరిగింది.

ప్రచురణకర్తకు పంపేటప్పుడు కూడా వరస తెలియాలి. ముందు పుస్తకాల షాపుకు వెళ్లి ఎవరు ఏ రకం నవలలు వేస్తున్నారో చూడండి. డిసెంబరు ప్రాంతంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనకు వెళితే అందరూ ఒక్కచోటే దొరుకుతారు. అక్కడ వాళ్లు అమ్మకం హడావుడిలో ఉంటారు. కాగితాల కట్ట చేతిలో పెట్టకండి. వాళ్ల పుస్తకాలు రెండు కొని చదివి, తర్వాత ఒక పేజీ ఉత్తరం, కథాసారం, మొదటి మూడు అధ్యాయాలు పంపండి. మూడు నెలలకు ఒక మర్యాదైన రిమైండరు. జవాబు రాకపోతే అదే జవాబు అనుకుని ఇంకొకరికి. ఉన్న ఒక్క ప్రతి మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

లెక్క

ఇక నా అసలు కథ. నేను ఇద్దరికి పంపాను. ఒకరు జవాబివ్వలేదు. రెండోవారు ఆరు నెలలకు "మా ప్రణాళికలో లేదు" అని మర్యాదగా తిప్పి పంపారు. ఇద్దరితోనే నా ఓపిక అయిపోయింది. ఆఫీసులో ఒక ఫైలుకు ఏడు రిమైండర్లు రాసినవాణ్ణి!

అప్పుడు తెలిసినవారి ద్వారా ఒక ప్రచురణ సంస్థ పరిచయమైంది. పేరు అనవసరం. వాళ్ల మనిషి ఇంటికే వచ్చాడు. నవల గొప్పగా ఉందన్నాడు. తర్వాత తెలిసింది, అతను చదివింది మొదటి పేజీయే. ప్యాకేజీ 96,000 రూపాయలు, అయిదు వందల ప్రతులు, ముఖచిత్రం, ఐ.ఎస్.బి.ఎన్., షాపులకు పంపిణీ అన్నీ కలిపి. 2018 నవంబరులో సంతకం పెట్టాను.

ఆ డబ్బు ఎక్కడిది? మా ఆవిడ మోకాలి ఆపరేషను కోసం అని ఇద్దరి పేరు మీద వేసిన డిపాజిట్టు. రీయింబర్స్‌మెంటు తర్వాత ఎప్పుడో వస్తుంది, ముందు కట్టాల్సింది మనమే కదా అని దాచుకున్నది. "ఆర్నెల్లలో పుస్తకాలు అమ్ముడుపోయి తిరిగి వస్తుంది" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. బ్యాంకు కాగితం మీద నా సంతకం కింద సంతకం పెట్టింది. ఆవిడా చదవకుండానే పెట్టింది. నన్ను నమ్మి పెట్టింది.

ఇక్కడ మీరందరూ ఒక లెక్క వేయండి. 96,000ను అయిదు వందలతో భాగిస్తే ఒక్కొక్క ప్రతికి 192 రూపాయలు. పుస్తకం వెల 200. షాపువారు అడిగిన తగ్గింపు నలభై శాతం. అంటే అమ్మిన ప్రతి పుస్తకానికీ చేతికి వచ్చేది 120. అమ్మిన ప్రతి ప్రతికీ 72 రూపాయల నష్టం. అన్నీ అమ్ముడుపోయినా 36,000 రూపాయలు పోయినట్టే! మూడో తరగతి లెక్క. జీతాల బిల్లులో పైసా తేడా వస్తే రాత్రి ఎనిమిది దాకా కూర్చుని పట్టుకున్నవాణ్ణి, ఈ భాగహారం వేసుకోలేదు.

పుస్తకం 2019 డిసెంబరులో వచ్చింది. మూడు వందల ప్రతులు మా ఇంటికి, రెండు వందలు షాపులకు అన్నారు. ఆవిష్కరణ సభకు హాలు, శాలువాలు, టీ, ఫలహారం కలిపి ఇంకో 14,000. వక్తలు ముగ్గురు. నా వ్యక్తిత్వం గురించి మాట్లాడారు, పుస్తకం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఎందుకంటే ప్రతులు ప్రెస్సు నుంచి వచ్చింది ఆ సాయంత్రమే. తర్వాత కొద్ది నెలలకే కరోనా. షాపుల నుంచి వచ్చిన ఒకే ఒక్క లెక్కలో ముప్ఫై ఒక్క ప్రతులు అమ్మినట్టు ఉంది. నూట నలభై దాకా నేనే పంచాను. ఒకసారి బంధువుల ఇంటికి వెళితే, గాలికి తలుపు కొట్టుకోకుండా నా నవల అడ్డం పెట్టి ఉంది. వాళ్లను తప్పు పట్టను. ఊరికే వచ్చినదానికి ఆ విలువే ఉంటుంది. మిగిలిన ప్రతులు మా మంచం కింద. మా ఆవిడ మోకాలి నొప్పితో ఆ మంచం మీద. ఆ దృశ్యం గుర్తుకొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు తల వంగిపోతుంది.

రెండో మనవి ఇది. సొంత ఖర్చుతో వేసుకోవడం తప్పు కాదు. మన భాషలో ఎన్నో మంచి పుస్తకాలు అలాగే వచ్చాయి. కాని ఆ డబ్బు పోయినా ఇంట్లో ఎవరి మందూ, ఎవరి ఆపరేషనూ ఆగని డబ్బు అయి ఉండాలి. ముందు భాగహారం వేయండి. ఇప్పుడు డిజిటల్ ముద్రణలో వంద ప్రతులు, రెండు వందల ప్రతులు కూడా వేస్తున్నారు. అయిపోతే మళ్లీ వేసుకోవచ్చు. అయిదు వందలు వేస్తే ప్రతికి చవక పడుతుంది అంటారు. మంచం కింద ఉన్న ప్రతి ఎప్పుడూ చవక కాదు.

సంతకానికి ముందు

2020లో ఇంట్లోనే ఉండిపోయిన రోజుల్లో ఆ ఒప్పందం మొదటిసారి పూర్తిగా చదివాను. "నవలపై సర్వహక్కులు ప్రచురణకర్తవే" అని ఒక వాక్యం. గుండె జారిపోయింది. నా నాన్న కథ, నా ఇంటి కథ, ఇక నాది కాదా?

న్యాయశాఖలో పనిచేసి దిగిపోయిన ఒక మిత్రుడికి ఫోను చేశాను. ఆయన ఓపికగా విని, "సంవత్సరాలు రాశారా అన్నా అందులో?" అని అడిగాడు. లేదు. "అయితే భయపడకు" అన్నాడు. అప్పుడు ఆయన చెప్పినది మీకూ చెబుతాను, రాసుకోండి.

1957 కాపీరైటు చట్టంలో 19వ సెక్షను ఉంది. హక్కులు ఇంకొకరికి రాసివ్వడం కాగితం మీద, సంతకంతోనే జరగాలి. నోటి మాట చెల్లదు. ఏ పుస్తకం, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అనేది స్పష్టంగా ఉండాలి. కాలం రాయకపోతే అయిదు సంవత్సరాలు అని చట్టమే అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవారు దాన్ని ఒక సంవత్సరంలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అది రద్దయిపోతుంది.

కాబట్టి మీకు ఒప్పందం ఇస్తే ఇంటికి తెచ్చుకుని, రెండు రోజులు పెట్టుకుని చదవండి. అచ్చు హక్కు ఒకటి. అనువాదం, సినిమా, ఆడియో, ఈ-పుస్తకం వేరు వేరు హక్కులు. "కొండపొలం" నవల సినిమా అయిందని ఇందాక చెప్పాను కదా. మన నవలలను ఎవరూ సినిమా తీయకపోవచ్చు. అయినా మన పొలంలో బావి ఉందో లేదో తెలియకుండా సర్వే నంబరు మొత్తం రాసివ్వం కదా. ఎన్ని ప్రతులు వేస్తారు, లెక్క ఏ నెలలో చెబుతారు, మిగిలిన ప్రతులు ఏం చేస్తారు, ఇవి రాయించండి. డబ్బు మీ దగ్గర తీసుకుని హక్కులు కూడా తీసుకునేవారి దగ్గర మాత్రం రెండుసార్లు ఆలోచించండి.

ఐ.ఎస్.బి.ఎన్. కోసం నా బిల్లులో 3,000 రూపాయలు వేశారు. ఆ సంఖ్యను మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. రచయిత స్వయంగా కంప్యూటరులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు నింపడం, జతపరచవలసినవి జతపరచడం మనకన్నా ఎవరికి బాగా వచ్చు?

ఇంకొకటి. సొంతంగా అచ్చు వేస్తే చట్టం దృష్టిలో ప్రచురణకర్త మీరే. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన ముప్ఫై రోజుల్లోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని నిర్ణీత గ్రంథాలయాలకు ఒక్కొక్కటి మన ఖర్చుతో పంపాలి. ఇది భారం అనుకోకండి. మనం పోయాక కూడా మన పుస్తకం ఒక బీరువాలో, ఒక నంబరుతో ఉంటుంది. గుమాస్తాకు అంతకన్నా ఏం కావాలి? పోస్టు విషయంలో ఒక్క మాట. మనకు అలవాటైన రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది. పుస్తకాల కోసం 2025 మేలో జ్ఞాన్ పోస్టు అని ఒకటి పెట్టారు. మీ పుస్తకానికి వర్తిస్తుందేమో పోస్టాఫీసులో అడగండి.

ప్రూఫులు

నవల మా మనవరాలు యూనికోడ్‌లో టైపు చేసింది. అచ్చుకు పేజీలు పెట్టేటప్పుడు దాన్ని అను ఫాంటులోకి మార్చారు. ఆ మార్పులో కొన్ని ఒత్తులు చెదిరాయి, కొన్ని పొల్లులు ఎగిరిపోయాయి. మొదట టైపు చేసినప్పుడు సరిగ్గా ఉంది కదా అని నేను పేజీ ప్రూఫులు పైపైన తిరగేశాను. ఎప్పుడు ఫాంటు మారినా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మళ్లీ చదవాల్సిందే. తెర మీద కాదు, కాగితం మీద. ఆఫీసులో కంపేరింగు చేసేవాళ్లం గుర్తుందా? ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూడటం. ప్రూఫులకు దాన్ని మించిన పద్ధతి లేదు. ఇంకో చిన్న కిటుకు: పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. నా నవల 208 పేజీలు, పదమూడు ఫారాలు. 210 అయి ఉంటే ఇంకో ఫారం ఖర్చు పడేది. అందుకని చివర్లో రెండు పేజీలు పెరిగితే ఎక్కడ తగ్గించవచ్చో ముందే చూసుకోండి.

మళ్లీ మొదటికి

2023 నవంబరుతో ఒప్పందానికి అయిదేళ్లు నిండాయి. ఆ ఏడే నా కమ్యుటేషన్ పదిహేనేళ్లు పూర్తయి, పూర్తి పెన్షను రావడం మొదలైంది. మిత్రుడు చెప్పినట్టు ప్రచురణ సంస్థకు ఒక ఉత్తరం రాశాను. గడువు తీరిందని, హక్కులు నాకు తిరిగి వచ్చాయని, పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే అంగీకరించినట్టు భావిస్తానని. ఎర్రమంజిల్‌లో నేర్చుకున్న ఇంగ్లీషు అంతా అందులో పెట్టాను. జవాబు రాలేదు. ఆ తర్వాత ఎవరూ అడ్డు చెప్పలేదు.

అప్పుడు నేనూ, మా ఆవిడా కూర్చున్నాం. ఆవిడ చదివింది, నేను దిద్దాను. నాలుగు నెలలు పట్టింది. సీతమ్మ చివరిదాకా సీతమ్మగానే ఉంది. చనిపోయిన మామగారు పండక్కి రాలేదు. ఒక అధ్యాయం మొత్తం తీసేయమంది ఆవిడ. అందులో నా సర్వీసు గొప్పలే ఉన్నాయట. రెండు రోజులు అలిగి, మూడో రోజు తీసేశాను. ఆ పేజీల చోట, అప్పటిదాకా నవలలో ఎక్కడా లేని ఒక విషయం రాశాను: గుమాస్తా భార్య ఒక్కతే కూర్చుని నెలాఖరు లెక్క వేసుకునే రాత్రి. పేజీల లెక్క మళ్లీ 208కే సరిపోయింది.

2024లో అమీర్‌పేటలో ఒక డి.టి.పి. కుర్రవాడి దగ్గర పేజీలు పెట్టించి, రెండు వందల ప్రతులు వేయించాను. మొత్తం 19,000 రూపాయలు. ప్రతికి 95. వెల 180. షాపుకు నలభై శాతం పోయినా 108 చేతికి వస్తుంది. లాభం పదమూడు రూపాయలే కావచ్చు, నష్టం మాత్రం లేదు. ఈసారి ఎవరికీ ఊరికే ఇవ్వలేదు. సగం ధరకైనా సరే, కొనమన్నాను. సభ పెట్టలేదు. నలుగురు చదివాక, మన సంఘం గదిలోనే ఒక ఆదివారం టీ తాగుతూ మాట్లాడుకున్నాం. వచ్చినవారిలో ఒకాయన మొదటి వాక్యంలోనే "ఆ నెలాఖరు రాత్రి మా ఇంట్లో కూడా అంతేనండీ" అన్నారు. శాలువా కప్పినప్పుడు కలగని సంతోషం అప్పుడు కలిగింది. నిన్నటికి నూట నలభై ఆరు ప్రతులు పోయాయి. లెక్క రాసి పెట్టాను, కావలసినవారు చూడవచ్చు.

చివరగా ఒక విషాదం చెప్పాలి. మా సెక్షనులోనే పనిచేసిన ఒక మిత్రుడు నాకన్నా బాగా రాసేవాడు. నవల పూర్తి చేసి, ఇంకా దిద్దాలి, ఇంకా దిద్దాలి అని ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ కాగితాలు పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లిపోయాయి. పిల్లలది తప్పు కాదు. అది నవల అని వాళ్లకు తెలియదు. నాది తొందర, ఆయనది సంకోచం. నేను పోగొట్టుకున్న డబ్బు ఎంతో లెక్క కట్టి చెప్పగలిగాను. ఆయన నవల పోవడం ఏ లెక్కకూ అందదు.

అందుకని రాసిన ప్రతివారూ ఇంట్లో చెప్పండి. ఒక ప్రతి జిరాక్సు తీయించి పిల్లల దగ్గర ఉంచండి. కాపీరైటు రచయిత జీవితకాలం, ఆ తర్వాత అరవై సంవత్సరాలు ఉంటుంది. మన తర్వాత అది వారసులకు పోతుంది. వీలునామాలో ఇల్లు, బ్యాంకు ఖాతా రాసినట్టే, "నా రచనల హక్కులు ఫలానావారికి" అని ఒక వాక్యం రాయండి. ఒక్క వాక్యమే కదా.

మా ఆవిడ ఆపరేషను 2021 చివరలో అయింది, రెండేళ్లు ఆలస్యంగా. ఈరోజు ముందు వరసలో కూర్చుంది. ఇక్కడికి ఇద్దరం మెట్రోలో వచ్చాం. స్టేషనులో నేను లిఫ్టు దగ్గరికి వెళుతుంటే, ఆవిడ మెట్లు దిగి నాకంటే ముందు కింద నిలబడింది. ఈ ఉపన్యాసం కూడా నిన్న రాత్రి ఆవిడ చదివి, రెండు పేజీలు కొట్టేశాకే మీ ముందుకు తెచ్చాను. ఇంకా సాగదీసినట్టు అనిపిస్తే ఆ లోపం నాదే.